లిఫ్ట్ కిట్ లేకుండా పికప్ ట్రక్కుకు పెద్ద ఆల్ టెర్రైన్ టైర్లు: విశాఖ యజమానులకు సమగ్ర మార్గదర్శి

కంపెనీ నుంచి వచ్చిన పికప్ ట్రక్కుకు, సస్పెన్షన్ ఎత్తు పెంచకుండా, ఎంత పెద్ద ఆల్ టెర్రైన్ టైరు (తారు మీదా, మట్టి, రాళ్ల బాటల్లోనూ నడిచే టైరు) పడుతుందన్నది షాపులో ఎవరో చెప్పిన మాటను బట్టి తేలదు. స్టీరింగును ఒక వైపుకు పూర్తిగా తిప్పి, అదే సమయంలో ఆ చక్రం సస్పెన్షన్‌ను పూర్తిగా పైకి నెట్టినప్పుడు చుట్టూ ఎన్ని మిల్లీమీటర్ల ఖాళీ మిగులుతుందో దానిని బట్టి తేలుతుంది. షోరూములో నేరుగా నిలిపిన బండికి నాలుగు వేళ్ల ఖాళీ కనిపించవచ్చు. అదే బండి అనంతగిరి ఘాట్‌లో హెయిర్‌పిన్ మలుపు తిరుగుతూ గుంతలో పడినప్పుడు ఆ ఖాళీ ఒక వేలికి కూడా చాలకపోవచ్చు. అందువల్ల ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగాన్ని టైరు బిగించే పనికి కాకుండా, కొనడానికి ముందు చేయవలసిన కొలతలకు కేటాయించాను.

విశాఖలో పికప్ నడిపేవారి ప్రయాణాలు చాలావరకు రెండు రకాలుగా ఉంటాయి. వారమంతా పదహారో నంబరు జాతీయ రహదారి, ఎన్ఏడీ కూడలి, గాజువాక వైపు ట్రాఫిక్. సెలవు దొరికితే శృంగవరపుకోట మీదుగా అరకు, లేదా పాడేరు, వంజంగి, లంబసింగి వైపు. ఈ రెండో రకం దారుల్లో కూడా అత్యధిక భాగం తారు రోడ్డే. చివరి కొద్ది కిలోమీటర్లలోనే ఎర్రమట్టి, రాళ్లు, వానకు కోసుకుపోయిన బాటలు వస్తాయి. ఈ అవసరానికి కంపెనీ కొలత కంటే ఒక్క మెట్టు పెద్ద టైరు సరిపోతుందని నా అభిప్రాయం. రెండు మెట్లు పెంచితే బండి చూడటానికి బాగుంటుంది, కానీ బ్రేకులు, గేర్లు, మైలేజి అన్నీ దానికి మూల్యం చెల్లిస్తాయి.

టైరు మీది అంకెలు, అసలు వ్యాసం

డ్రైవరు తలుపు తెరిస్తే స్తంభం మీద అంటించిన పట్టీలో మీ బండికి కంపెనీ నిర్ణయించిన టైరు కొలత, గాలి పీడనం రెండూ ఉంటాయి. మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌కు సాధారణంగా 255/60 ఆర్18, అదే కంపెనీ హై-ల్యాండర్‌కు 245/70 ఆర్16, టయోటా హైలక్స్ పై శ్రేణికి 265/60 ఆర్18 కొలత వస్తుంది. వేరియంటును బట్టి, తయారైన సంవత్సరాన్ని బట్టి ఇది మారుతుంది కనుక, ఇక్కడి అంకెలను కాకుండా మీ తలుపు పట్టీనే ప్రమాణంగా తీసుకోవాలి.

మొదటి అంకె టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో పక్కభాగం ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ము వ్యాసం అంగుళాల్లో. 255లో 60 శాతం 153 మిల్లీమీటర్లు. పైనా కిందా కలిపి 306. 18 అంగుళాలు అంటే 457.2, మొత్తం వ్యాసం 763 మిల్లీమీటర్లు. ఇదే లెక్కన 265/60 ఆర్18 వ్యాసం 775, 265/65 ఆర్18 వ్యాసం సుమారు 802 అవుతాయి. అంటే వీ-క్రాస్ యజమాని మొదటిది ఎంచుకుంటే పెరుగుదల ఒకటిన్నర శాతం, రెండోది ఎంచుకుంటే అయిదు శాతం. హైలక్స్ 265/60 నుంచి 265/65కు మారితే మూడున్నర శాతానికి లోపు. హై-ల్యాండర్ 245/70 ఆర్16 నుంచి 265/70 ఆర్16కు మారితే 749 నుంచి 777కు, అంటే మూడు శాతం దాటి నాలుగుకు లోపు.

గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ) పెరిగేది వ్యాసంలోని తేడా అంతా కాదు, అందులో సగం మాత్రమే. 763 నుంచి 802కు వెళ్లినా ఇరుసు లేచేది 19 మిల్లీమీటర్లే. అంతకంటే ఎక్కువ ఎత్తు కావాలనుకునేవారు టైరుతో దాన్ని సాధించాలని చూడకపోవడం మంచిది. ఇంకొక సంగతి: ఈ లెక్కలు కాగితం మీది కొలతలు. ఆల్ టెర్రైన్ టైరుకు గాడి లోతు ఎక్కువ, భుజాల వద్ద రబ్బరు దిమ్మెలు బయటకు పొడుచుకొని ఉంటాయి కనుక, ఒకే కొలత రాసి ఉన్న రెండు కంపెనీల టైర్లలో కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉంటుంది. కొనబోయే మోడల్‌కు కంపెనీ ప్రచురించే పట్టికలో అసలు వ్యాసం, అసలు వెడల్పు, ఆ వెడల్పును ఎంత రిమ్ము మీద కొలిచారో ఇస్తారు. ఆ పట్టికను ఫోనులో దాచుకొని తరువాతి పనికి వెళ్లండి.

చట్టం, బీమా

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు యజమానిపై 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. ఆచరణలో అన్నిటికంటే భద్రమైన మార్గం, అదే మోడల్‌కు కంపెనీ మరో వేరియంటులో అమర్చే కొలతనో, యజమాని పుస్తకంలో ప్రత్యామ్నాయంగా చూపిన కొలతనో ఎంచుకోవడం. అంతకు మించి వెళ్లదలిస్తే డీలరును, బీమా కంపెనీని ముందే రాతపూర్వకంగా అడగాలి. ప్రమాదం జరిగిన తరువాత సర్వేయరు టైరు వైపు చూసి తల ఆడించే పరిస్థితి తెచ్చుకోవద్దు. పసుపు బోర్డు బండి ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లవలసి ఉంటుంది కాబట్టి దాని యజమాని మరింత జాగ్రత్తగా ఉండాలి. టైరు ఏదైనా ఐఎస్ఐ గుర్తు ఉండాలి. బాడీ అంచు దాటి బయటకు పొడుచుకురాకూడదు.

ఖాళీ కొలవడం

ఈ పనికి ఒక టేపు, ఒక సుద్దముక్క, కొంత బంకమట్టి, సాయానికి ఒక మనిషి కావాలి. ప్రస్తుత టైర్లు బండికి ఉండగానే, సమతలమైన నేల మీద నిలిపి, పట్టీలో చెప్పిన గాలి పెట్టి మొదలుపెట్టాలి.

ముందు చక్రాన్ని ఎడమకు పూర్తిగా తిప్పి నాలుగు చోట్ల చూడండి. మొదటిది చక్రం వెనుక, మడ్‌ఫ్లాప్‌కూ దాని వెనుక ఉండే రేకు అతుకుకూ టైరు ఎంత దూరంలో ఉందో. చాలా పికప్‌లలో మొదట ఒరుసుకునేది ఇక్కడే. రెండోది ముందు బంపరు మూల. మూడోది లోపలి వైపు ఛాసిస్, యాంటీ రోల్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా చూసే కడ్డీ). నాలుగోది పైభాగంలో కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేయి) జాయింటు. ఇక్కడ టైరు ఎత్తు కంటే వెడల్పుతోనే సమస్య వస్తుంది. 10 మిల్లీమీటర్ల వెడల్పు పెరిగితే అదే ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యగీతకూ హబ్‌కు ఆనే ముఖానికీ మధ్య దూరం) ఉన్న రిమ్ము మీద లోపలికి అయిదు, బయటకు అయిదు మిల్లీమీటర్లు పెరుగుతుంది. కుడివైపుకు కూడా తిప్పి ఇవే చోట్ల కొలవండి; రెండు వైపులా అంకెలు ఒకేలా ఉంటాయని అనుకోవద్దు.

తరువాత అసలు పరీక్ష. కొత్త టైరు వ్యాసార్ధంలో పెరిగేదానికి మరో 10 మిల్లీమీటర్లు కలపండి. ఉదాహరణకు 255/60 నుంచి 265/65కు వెళ్లదలచినవారికి 19కి 10 కలిపితే 29, దాన్ని 30 అనుకుందాం. వినాయక చవితికి బొమ్మలు చేసే బంకమట్టిని తడిపి, ఆ మందంతో బిళ్లలుగా చేసి, శుభ్రంగా తుడిచిన లోపలి లైనింగు మీద వెనుక అతుకు దగ్గర, బంపరు మూల దగ్గర, పైభాగంలో అంటించండి. ముందు ఒక చక్రాన్ని గట్టి దిమ్మె మీదికి, దానికి ఎదురుమూలన వెనుక చక్రాన్ని మరో దిమ్మె మీదికి నెమ్మదిగా ఎక్కిస్తే ఆ రెండు మూలల్లో సస్పెన్షన్ నొక్కుకుంటుంది. ఆ స్థితిలో, హ్యాండ్‌బ్రేకు, చక్రాలకు అడ్డుగా రాళ్లు పెట్టి, ఎవరూ బండి కింద లేరని చూసుకొని, స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. దిగి చూసినప్పుడు మట్టి బిళ్ల మీద పాత టైరు గాడుల అచ్చు పడి ఉంటే, పెద్ద టైరుకు అక్కడ భద్రమైన ఖాళీ లేనట్లే, ఒరుసుకునే అవకాశం ఉంది. అచ్చు పడకపోతే ఆ కొలతకు చోటు ఉన్నట్లే. ఇదే పనిని రెండో మూలకు కూడా చేయాలి. అయిదు వందల రూపాయల ఖర్చు కూడా కాని ఈ పరీక్షను దాటవేసి టైర్లు కొనేవారే ఎక్కువ. ఒకసారి అమర్చి, నడిపి, బురద అంటిన టైరును దుకాణదారు వెనక్కి తీసుకోడు.

వెనుక వైపు సాధారణంగా చోటు ఎక్కువే. అయినా కమాను పట్టీలకూ (లీఫ్ స్ప్రింగులకూ) టైరు లోపలి పక్కకూ మధ్య వేలు దూరేంత ఖాళీ ఉందో, తొట్టిలో బరువు వేసి ఒకసారి చూడాలి. అందరూ మరచిపోయేది స్టెప్నీ. తొట్టి కింద గొలుసుతో వేలాడే ఆ చోటులో పెద్ద టైరు పడుతుందా, వెనుక బంపరుకో ఇరుసుకో తగులుతుందా అన్నది కొలిచి తీరాలి. అక్కడ పాత చిన్న టైరునే ఉంచితే, పంక్చరు అయిన రోజున వెనుక ఇరుసు మీద రెండు వేర్వేరు వ్యాసాలు నడిచి డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్లు) అనవసరంగా అరుగుతుంది; ఆ స్థితిలో ఫోర్ వీల్ డ్రైవ్ వేస్తే ముందు, వెనుక ఇరుసులకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఒత్తిడి పడుతుంది. కాబట్టి బడ్జెట్‌ను ఎప్పుడూ అయిదు టైర్లకు వేసుకోవాలి. ముందు రెండు ఒక కొలత, వెనుక రెండు ఒక కొలత అనే ఆలోచన ఫోర్ వీల్ డ్రైవ్ బండికి అసలే పనికిరాదు.

కొద్దిగా ఒరుసుకునే చోట ప్లాస్టిక్ లైనింగును హీట్ గన్‌తో వెచ్చజేసి వెనక్కి నొక్కడం, మడ్‌ఫ్లాప్‌ను కాస్త వెనక్కి జరపడం సమర్థించదగిన పరిష్కారాలు. రేకు అతుకును సుత్తితో కొట్టి మడవడం మాత్రం, విశాఖ ఉప్పుగాలిలో, నేను సిఫారసు చేయను. పగిలిన పెయింటు కింద ఒక్క వానాకాలంలోనే తుప్పు మొదలవుతుంది. వీల్ స్పేసర్లతో చక్రాన్ని బయటకు నెట్టే పద్ధతి లోపలి సమస్యను తీర్చి బయటి సమస్యను తెస్తుంది, బేరింగుల మీద భారం పెంచుతుంది.

ఏ టైరు కొనాలి

కొలత ఖరారైన తరువాత లోడ్ ఇండెక్స్ చూడాలి. కొలత పక్కన ఉండే 112 వంటి అంకె ఒక టైరు మోయగల బరువును చెబుతుంది. 112 అంటే 1,120 కిలోలు, 116 అంటే 1,250 కిలోలు. కొత్త టైరుది కంపెనీ టైరు కంటే తక్కువ ఉండకూడదు. దాని పక్కన ఉండే వేగ సంకేతం కూడా అంతే: ఎస్ అంటే గంటకు 180, టి అంటే 190, హెచ్ అంటే 210 కిలోమీటర్ల గరిష్ఠ పరిమితి. ఆల్ టెర్రైన్ టైర్లలో చాలావాటికి ఈ సంకేతం తక్కువగా ఉంటుంది కనుక చూడకుండా కొనవద్దు.

ఒకే కొలతలో మామూలు నిర్మాణం, ఎల్‌టీ (లైట్ ట్రక్) నిర్మాణం అని రెండు రకాలు దొరుకుతాయి. ఎల్‌టీ టైరు పక్కభాగం మందం, రాళ్ల దారిలో తెగే భయం తక్కువ. అయితే ఒక్కొక్కటి కొన్ని కిలోలు అదనంగా తూగుతుంది, అదే బరువును మోయడానికి ఎక్కువ గాలి అడుగుతుంది. ఖాళీ తొట్టితో తిరిగే పికప్‌కు వెనుక భాగం తేలికగానే ఉంటుంది. దానికి గట్టి ఎల్‌టీ టైరు, ఎక్కువ గాలి తోడైతే, తడిసిన ఘాట్ మలుపులో వెనుక చక్రాలు పట్టు తప్పడం సులువవుతుంది. నెలకు ఒకసారి అరకు వెళ్లే కుటుంబానికి మామూలు నిర్మాణమే మేలు. గనుల్లో, క్వారీల్లో, ఏజెన్సీ లోపలి దారుల్లో రోజూ తిరిగేవారికి ఎల్‌టీ న్యాయమైన ఎంపిక. యోకోహామా జియోలాండర్ ఏ/టి, బీఎఫ్‌గుడ్రిచ్ కేఓ2, అపోలో ఆప్టెరా ఏటీ2, మాక్సిస్ వంటి పేర్లు మన మార్కెట్లో వినిపిస్తాయి. వీటిలో మీ కొలతలో ఏది దొరుకుతుందో చూసి, తడి రోడ్డు మీద పట్టును మొదటి ప్రమాణంగా పెట్టుకోండి; నైరుతి వానలు, అక్టోబరు, నవంబరు తుపాన్లు రెండూ చూసే ఊరికి అదే ముఖ్యం.

టైరు పక్కన అండాకారపు గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2325 అంటే 2025వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. అయిదు టైర్ల తేదీలూ మీరే చదవండి. ఎక్కువగా కదలని పెద్ద కొలతల్లో పాత సరుకు నిలవ ఉండటం అరుదు కాదు.

రిమ్ము వెడల్పు కూడా సరిపోవాలి. 265/70 ఆర్16 టైరుకు 7 నుంచి 9 అంగుళాల రిమ్ము, 265/65 ఆర్18కు కనీసం ఏడున్నర కావాలి. రిమ్ము లోపలి వైపు 7జె, 7.5జె అని చెక్కి ఉంటుంది.

షాపులో

గాజువాక ఆటోనగర్‌లో ఏ పనికైనా మనిషి దొరుకుతాడు. కానీ లారీ టైర్లకు అలవాటుపడిన చోట అల్లాయ్ రిమ్ము అంచులకు గీతలు పడే ప్రమాదం ఉంది కనుక, ప్లాస్టిక్ రక్షణ ఉన్న మెషీను, కంప్యూటర్ బ్యాలెన్సింగు ఉన్న చోటికే వెళ్లండి. పని జరుగుతున్నంతసేపూ పక్కన నిలబడటం మంచిది.

చక్రం విప్పగానే హబ్ ముఖాన్ని చూడండి. బీచ్ రోడ్డు దగ్గర్లో, పెదవాల్తేరులో, భీమిలి వైపు నివసించేవారి బండ్లలో ఇక్కడ గోధుమరంగు తుప్పు పొరలు పొరలుగా పేరుకొని, చక్రం హబ్‌కు అతుక్కుపోయి ఉంటుంది. నట్లు విప్పినా చక్రం ఊడిరాదు. రబ్బరు సుత్తితో లోపలి నుంచి తట్టవలసి వస్తుంది. ఆ తుప్పును వైరు బ్రష్‌తో లోహం మెరిసేదాకా గీకి తీయాలి. దాని మీదే కొత్త చక్రం బిగిస్తే అది ఒక వెంట్రుకవాసి వంకరగా కూర్చుంటుంది, ఎంత బ్యాలెన్సింగు చేసినా ఎనభై దాటగానే స్టీరింగు వణుకుతుంది. శుభ్రం చేశాక హబ్ ముఖానికి యాంటీ సీజ్ పేస్టును (లోహాలు అతుక్కుపోకుండా చూసే పేస్టును) పలుచగా రాయవచ్చు. బోల్టు మరలకు రాయకూడదు. రాస్తే అదే టార్క్‌కు (తిప్పే బలానికి) నట్టు అవసరానికి మించి బిగుస్తుంది.

టైరు ఎక్కించేటప్పుడు అంచుకు టైరు సబ్బు పేస్టు వాడాలి, గ్రీజు, ఇంజన్ ఆయిలు కాదు. కొత్త వాల్వులు వేయించండి. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలిక భాగం. దాన్ని వాల్వు పక్కకు తెచ్చి కూర్చోబెడితే బ్యాలెన్సింగు బరువులు తక్కువ పడతాయి. అంచు రిమ్ములో కూర్చునే శబ్దం రాకపోతే, 40 పీఎస్‌ఐ దాటి కొట్టనివ్వకుండా, గాలి తీయించి మళ్లీ పేస్టు రాయించండి.

గాలి గన్నుతో నట్లను చేరేవరకు మాత్రమే తిప్పి, చివరి బిగింపును టార్క్ రెంచ్‌తో, ఎదురెదురు నట్ల వరసలో, యజమాని పుస్తకంలోని విలువకు చేయించాలి. వంద కిలోమీటర్ల తరువాత ఇంకోసారి సరిచూడాలి.

అలైన్‌మెంట్, గాలి పీడనం

టైర్లు బిగించిన రోజే వీల్ అలైన్‌మెంట్ చేయించండి. వెనుక అతుకు దగ్గర కొద్దిగా తగిలే బండికి ఇక్కడ ఒక మేలైన వీలుంది: కంపెనీ పరిమితి లోపలే క్యాస్టర్‌ను (పక్క నుంచి చూస్తే చక్రం తిరిగే ఇరుసు వాలిన కోణాన్ని) పై హద్దు వైపు పెడితే, చక్రం కొద్దిగా ముందుకు జరిగి వెనుక కొంత ఖాళీ పెరుగుతుంది. మెకానిక్‌కు ముందే చెబితేనే చేస్తాడు. లేకపోతే మెషీను తెర మీద అంకెలు పచ్చరంగులోకి రాగానే ఆపేస్తాడు.

మామూలు నిర్మాణం టైరుకు తలుపు పట్టీలోని పీడనంతో మొదలుపెట్టవచ్చు. ఎల్‌టీ టైరుకు ఆ విలువ చాలదు; టైరు కంపెనీ ఇచ్చే బరువు, పీడనం పట్టికను చూసి పెంచాలి. సరైనదో కాదో తెలుసుకోవడానికి గాడుల మీదుగా అడ్డంగా సుద్దగీత గీసి, తిన్నని రోడ్డు మీద కొంత దూరం నడిపి చూడండి. గీత మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. బురదలో, వదులు రాళ్లలో 20 పీఎస్‌ఐ దరిదాపులకు తగ్గించి నెమ్మదిగా పోవచ్చు, కానీ తారు ఎక్కేముందు తిరిగి నింపే పంపు బండిలో ఉండాలి. ఇసుకలో పరీక్షించాలని సముద్రతీరానికి దిగవద్దు. మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి, టైరు కింద ఆ గూళ్లు కనిపించవు.

తొలి ప్రయాణాలు

కొత్త రబ్బరు మీద అచ్చు నుంచి వచ్చిన జారుడు పొర ఉంటుంది కాబట్టి మొదటి మూడు, నాలుగు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు, వేగపు మలుపులు మానాలి. తొలిరోజు ఖాళీ మైదానంలో రెండు వైపులా పూర్తిగా తిప్పి ముందుకూ వెనుకకూ నడపండి. చాలా బండ్లు ముందుకు పోతున్నప్పుడు తగలకుండా రివర్స్‌లో తగులుతాయి. తరువాత సింహాచలం కొండ, ఆపైన నిండు మనుషులతో, సామానుతో అనంతగిరి ఘాట్. ఎక్కడైనా ఒరుసుకుంటే లైనింగు మీద నల్లటి మెరుపుగీత పడుతుంది.

ఘాట్ దిగేటప్పుడు తేడా తెలుస్తుంది. వ్యాసం పెరిగితే గేర్లన్నీ ఆ శాతం మేరకు పొడవైనట్లే; ఎక్కేటప్పుడు లాగుడు, దిగేటప్పుడు ఇంజన్ బ్రేకింగు రెండూ తగ్గుతాయి. బరువైన టైరును ఆపడానికి బ్రేకులూ ఎక్కువ శ్రమిస్తాయి. మునుపు మూడో గేరులో దిగిన చోట రెండోది వేయండి.

స్పీడోమీటరు కూడా అదే నిష్పత్తిలో తక్కువ చూపుతుంది. అయిదు శాతం పెంచిన బండిలో ముల్లు 80 మీద ఉంటే అసలు వేగం 84 వరకు ఉండవచ్చు. కంపెనీ స్పీడోమీటర్లు మామూలుగా కొంత ఎక్కువ చూపేలా తయారవుతాయి కనుక మీ బండిలో తేడా ఎంతో ఆనందపురం–పెందుర్తి రహదారి మీద ఫోనులోని జీపీఎస్‌తో పోల్చి గుర్తుపెట్టుకోండి. ఓడోమీటరూ ఇంతే. టైర్లు మార్చాక మైలేజి ఘోరంగా పడిపోయిందని బాధపడేవారు, ముందు మీటరు చూపిన దూరానికి ఆ శాతం కలిపి లెక్కవేయాలి. అప్పటికీ కొంత తగ్గుదల ఉంటుంది, అది నిజమైనది.

ప్రతి ఎనిమిది నుంచి పది వేల కిలోమీటర్లకు స్టెప్నీతో సహా అయిదు టైర్లనూ ఒకదాని చోట ఒకటి మార్చి వేయించండి. స్టెప్నీని ఈ వరసలో కలపకపోతే, రెండేళ్లకు నాలుగు అరిగినవి, ఒకటి కొత్తది మిగులుతాయి. వ్యాసాల తేడా మళ్లీ మొదటికి వస్తుంది. గాడి లోతు చట్టప్రకారం 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదు, అయితే 3 మిల్లీమీటర్లకు చేరినవాటిని జూన్‌కు ముందే మార్చేయడం ఘాట్ రోడ్లు తిరిగేవారికి అవసరం.